పట్టణములలో పాలవర్తకము: లైసెన్సు, పరీక్ష, శిక్ష

ప్రతి సంవత్సరమును మన మహాసభ ప్రత్యేక సంచికయందు దేవగిరి యాదవుల ప్రతాపమును గూర్చియు, విజయనగరమున సంగమవంశపు రాజులు తాము యదువంశజులమని శాసనములలో చెప్పికొనుటను గూర్చియు పండితులు వ్రాయుచున్నారు. అవి చదువదగినవే, మేమును శ్రద్ధతో చదివితిమి. కాని దేవగిరి సింహాసనము పదునాల్గవ శతాబ్ది తొలిభాగముననే పోయినది. పాలకుండయో, మనవారి నెత్తిమీదనుండి కావడికి, కావడినుండి సైకిలునకు, సైకిలునుండి మోటారుసైకిలునకు మారెనేగాని మనలను విడిచిపోలేదు. మన పూర్వులలో సింహాసనమెక్కినవారికంటె వాడిక పాలు పోసి బ్రతికినవారే పెక్కండ్రు గదా. ఆ కుండలోనికి ప్రభుత్వము తొంగిచూచుట యెప్పుడు మొదలయ్యెను? ఏల మొదలయ్యెను? ఆ చూపువలన మనవారికి మేలు కలిగెనా, కీడు కలిగెనా? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది యిదియే.

పాలవాడనగానే నీళ్లు కలుపువాడనియే లోకము నవ్వును. ఆ నవ్వు మన బిడ్డలకు బడిలోను వినబడుచున్నది. కోపపడి ప్రయోజనము లేదు. నీళ్లు కలిపినవారు మనలో లేరనియు మేము చెప్పజాలము. అయినను ఆ నవ్వుకు చట్టపురూప మెట్లు వచ్చినదో, ఆ చట్టము ఎవరిని పట్టుకొన్నదో, ఎవరిని విడిచిపెట్టినదో తెలిసికొనుట అవసరము.

పాల పరీక్ష తెల్లదొరలు తెచ్చిన క్రొత్తవింత యని కొందరి తలంపు. అది సరిగాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, రెండవ అధికరణమున, గోఽధ్యక్షుడను అధికారి యొకడు గలడు. ఏ ఋతువున పశువును రెండుపూటల పిదుకవచ్చునో, ఏ ఋతువున ఒక్కపూటయే పిదుకవలెనో అచ్చట నియమము గలదు. మీరినవానికి బొటనవ్రేలు పోవును. ఆవుపాలు ఒక ద్రోణమునకు ఒక ప్రస్థము నెయ్యి రావలెనని లెక్క. ద్రోణమునకు పదునారు ప్రస్థములు గనుక, పదునారింట నొకవంతన్నమాట. గేదెపాలకు అంతకంటె నైదవవంతు హెచ్చు. మేకపాలకు, గొర్రెపాలకు సగము హెచ్చు. ఇంతవరకు మన కాలపు చట్టమువలెనే యున్నది. కాని కౌటిల్యుడు అంకెతో ఆగలేదు. నేలనుబట్టి, గడ్డినిబట్టి, నీటినిబట్టి పాలును నెయ్యియు మారుననియు, అన్నిటికిని చిలికిచూచుటయే ప్రమాణమనియు చేర్చినాడు. అంకెను నిర్ణయించియు, దానికంటె కవ్వము పెద్దదని యొప్పుకొన్న యీ వివేకమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

మన పట్టణముల పాలచట్టములకు పుట్టినిల్లు మాత్రము లండను నగరము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ నగరమున ఆవులను గాలి వెలుతురు లేని కొట్టములలోను, నేలమాళిగలలోను కట్టి, బీరుబట్టీల పిప్పి మేపి పాలు పిదుకుచుండిరి. 1851 మొదలు ఆర్థర్ హిల్ హాస్సల్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికయందు ఆహారపదార్థముల కల్తీని సూక్ష్మదర్శినితో పరీక్షించి బయటపెట్టగా, 1860లో మొదటి కల్తీచట్టము వచ్చెను. 1865లో పశువులను గుంపులుగ చంపు ముసరవ్యాధి వచ్చి నగరములోని కొట్టములు ఖాళీ అయ్యెను. నాటినుండి పాలు పల్లెలనుండి రైలులో వచ్చుట పెరిగెను. 1870లో ఇస్లింగ్‌టన్ ప్రాంతమున సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు, వ్యాపింపగా, బల్లార్డ్ అను ఆరోగ్యాధికారి యింటింట విచారించి, రోగులలో పలువురు ఒకే పాలవాని వాడికదారులని కనిపెట్టెను. ఆ పాలశాలలోని నేలతొట్టినీరు మురుగుతో కలిసియుండెను. ఆవు దోషము కాదు, గడ్డి దోషము కాదు, దోషమంతయు నీటిది.

ఆంగ్లేయులకు పాలను పచ్చివిగనే త్రాగు అలవాటుండెను. కాబట్టి పాలలో పడిన రోగబీజము తిన్నగ శిశువు కడుపులోనికి పోవుచుండెను. ఇట్టి మరణములనుండి 1879లోను 1885లోను పాలశాలల, పశువులకొట్టముల, పాలదుకాణముల ఆజ్ఞలు పుట్టినవి. పాలమ్మువాడు తన పేరు పట్టికలో వ్రాయించుకొనవలెను; కొట్టమునకు గాలి, వెలుతురు, మురుగుపారుదల, మంచినీరు ఉండవలెను; అంటురోగముగలవాడు పాలను ముట్టరాదు. ఈ నియమములను చదివినప్పుడు ఇవి బిడ్డల ప్రాణములకొరకు పుట్టినవని స్పష్టముగ తెలియును. వీనిని నిందించుట మనకు తగదు.

వెన్న లెక్క వేరు దారిని వచ్చినది. 1901లో ఆంగ్ల ప్రభుత్వము పాలలో వెన్న నూటికి 3 పాళ్లును, వెన్నగాక తక్కిన ఘనపదార్థము 8.5 పాళ్లును ఉండవలెనని నిర్ణయించెను. అంతకు తగ్గినచో ఆ పాలు శుద్ధమైనవి కావని న్యాయస్థానము ఊహింపవచ్చును. అది ఊహ మాత్రమే. పాలవాడు కాదని ఋజువు చేసికొనవచ్చును. దానికొక పద్ధతియు నేర్పడెను. ఇన్‌స్పెక్టరు స్వయముగ కొట్టమునకు పోయి, తన కన్నులయెదుట ఆవును పిదికించి, ఆ పాలను పరీక్షకు పంపును. ఆవే అట్టి పాలిచ్చినయెడల పాలవాడు నిర్దోషి. దీనిని వారు ఆవునకు చేసికొను విన్నపమని పిలిచిరి. కౌటిల్యుని కవ్వము సీమలో నీ రూపమున కనబడినదని మేము సంతసించితిమి.

ఇది యెంత న్యాయమైనదో పాడి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఒకే పశువు పొదుగున మొదటి ధారలు పలుచన, కడపటి ధారలు చిక్కన. తొలి ధారలలో వెన్న నూటికి రెండు పాళ్లైనను లేకపోవచ్చును. కడపటి ధారలలో దానికి మూడు నాలుగింతలుండును. వాడికయింటి ముంగిట పశువును నిలిపి, ఒక్కొక్క యింటికి ఒక్కొక్క సోలెడు పిదుకుచు పోయినచో, మొదటి యింటివారు నీటిచుక్క కలియని పలుచని పాలకు తిట్టుదురు. కడపటి యింటివారు మెచ్చుకొందురు. మన యిల్లాండ్రకు ఈ సంగతి పుట్టుకతోనే తెలియును. చట్టములు వ్రాసినవారికి తెలియుటకు చాలకాలము పట్టినది.

ఇక మన దేశము. మద్రాసు రాజధానియందు 1918లో ఆహారకల్తీ నివారణ చట్టము, 1919లో మద్రాసు నగర మునిసిపల్ చట్టము, 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టము, 1939లో ప్రజారోగ్య చట్టము వరుసగ వచ్చినవి. బెజవాడ, గుంటూరు, రాజమహేంద్రవరము, కాకినాడ, నెల్లూరు మొదలగు పట్టణముల పాలవారు వీని క్రిందికి వచ్చిరి. హైదరాబాదు నిజాము రాజ్యమున నుండుటచే ఈ చట్టము లచ్చట చెల్లలేదు. లాభార్థము పశువులను కట్టు కొట్టములకు లైసెన్సు కావలెననునది వీనిలో మనకు ముఖ్యము. లైసెన్సు మంచిదే. కాని రాతినేల, మురుగుకాలువ, కుళాయినీరు గల కొట్టము కట్టింపగలవాడు నలుబది గేదెల యజమానుడేగాని, ఇంటిచూరుక్రింద రెండు గేదెలను కట్టికొన్న విధవరాలు కాదు. ఒకే నియమము ఒకనికి గోడమీది పటము, మరియొకతెకు ఊరు విడువుమను ఆజ్ఞ.

శానిటరీ ఇన్‌స్పెక్టరు తప్పుపట్టినవాటిలో నిజమైన తప్పులును గలవు. కుదుపునకు పాలు చిందకుండ కుండమూతిలో గడ్డిచుట్టయో ఆకులో కూరుట మనవారి అలవాటు. ఆ గడ్డి యెచ్చటిదో, ఎవరి చేతిదో భగవంతునికి తెలియును. చనిపోయిన దూడతోలున గడ్డి కూరి, పశువుముందు నిలిపి, సేపించుటయు పట్టణముల వీథులలో బహుకాలము సాగినది. అంతకంటె ఘోరమైనది కలకత్తాలోని ఫూకా. పశువు గర్భద్వారమున గాలి యూది పాలు పిండు నీ క్రూరకృత్యమును 1890 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగ నెంచినది. దీనిని గూర్చి చదివియే మహాత్ముడు 1912లో పాలను విడిచెను. జబ్బుపడినప్పుడు మేకపాలతో సరిపెట్టుకొనెను. 1960 నాటి చట్టమును ఫూకాను నిషేధించుచు, పాలు హెచ్చించుటకై పశువున కారోగ్యభంగకరమగు మందు సూదితో నెక్కించుటను గూడ చేర్చినది. ఈ విషయమున మనవారిపక్షమున వాదింపవలసినదేమియు లేదు.

బొంబాయిలో మునిసిపల్ రసాయన పరీక్షకుడగు లెమ్యూయల్ లూకాస్ జోషీ 1916లో భారతీయ నగరముల పాల సమస్యపై గ్రంథమొకటి ప్రకటించెను. నగరమునడుమ తబేలాలలో గేదెలను కిక్కిరియ గట్టుట, వట్టిపోయినవానిని మేపజాలక కటికవానికమ్ముట ఆనాటి నగరముల దుఃస్థితి. మంచి పాడిగేదె నగరమునకు పోయి మరల పల్లెకు రాకపోవుటచే పల్లెల పశుసంతతియు క్షీణించెను. 1949లో బొంబాయి ప్రభుత్వము ఆరే పాలకాలనీని స్థాపించి వేలకొలది గేదెలను నగరము వెలుపలికి తరలించెను. వెళ్లినవారిలో పశువులకు చోటు దొరకినది గలవారికే యని వేరుగ చెప్పవలెనా?

ఇప్పుడు లాక్టోమీటరు సంగతి. బడిపిల్లవానికిని తెలిసిన యీ గాజుగొట్టము పాల బరువును మాత్రము చెప్పును. నీటికంటె పాలు బరువు. కాబట్టి నీరు కలిసినచో గొట్టము మునుగును. కాని వెన్న నీటికంటె తేలిక. మీగడ తీసినచో మిగిలిన పాలు మరింత బరువగును. అందు తగినంత నీరు పోసినచో గొట్టము మొదటి గీతవద్దనే తేలును. రెండు దొంగతనములు కలిసి యొక ధర్మమైనట్లు. తెలివిగల మోసగాడు దీనినుండి సులభముగ తప్పించుకొనెను. తెలివిలేనివాడు, పేదవాడు, ప్రాతకుండ కడిగిన నీరు వంపక పోసినవాడు పట్టుబడెను. 1890లో అమెరికాలో బాబ్‌కాక్ అను శాస్త్రజ్ఞుడును, తరువాత స్విట్జర్లండున గెర్బర్ అను నాయనయు వెన్నను వేరుగ కొలుచు సులభపద్ధతులు కనిపెట్టిరి. అవి వచ్చినతరువాతనే పరీక్షకు కొంత నిజాయితీ వచ్చినది. కాని వీథిలో నిలిపి చూచుటకు ఇన్‌స్పెక్టరు చేతిలో నుండినది చాలకాలము గాజుగొట్టమే.

ఇచ్చట నింకొకటి గమనింపదగును. మన తెలుగుదేశమున పాలు కాచక త్రాగు ఇల్లు లేదు. పొయ్యిమీద పొంగిన పాలలో టైఫాయిడు బీజము బ్రతుకదు. కాబట్టి లండనులో రోగనివారణకై పుట్టిన చట్టము మన వీథులలో నీటిని పట్టు చట్టముగ మారినది. నీరు పట్టుటయు అవసరమే, డబ్బిచ్చువాడు మోసపోరాదు. అయితే డబ్బు తగవును ప్రాణాపాయముతో సమానముగ శిక్షించుటలో ధర్మమెంతయో ఆలోచింపవలెను.

ఆ ఆలోచన 1954లో చేయబడలేదు. ఆ సంవత్సరపు ఆహారకల్తీ నివారణ చట్టము 1955 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, మద్రాసు చట్టముల స్థానము నాక్రమించెను. ఆంధ్రమునకును తెలంగాణమునకును ఒకే కొలతబద్ద యేర్పడెను. మన రాష్ట్రమున గేదెపాలకు వెన్న నూటికి 5 పాళ్లు, తక్కిన ఘనపదార్థము 9 పాళ్లు, ఆవుపాలకు 3.5, 8.5. దీనికి తగ్గిన పాలు కల్తీ పాలు. ఊహ కాదు, నిర్ణయము. ఆవునకు చేసికొను విన్నపము లేదు. పాలలోని లోపము తనకు తెలియదని పాలవాడు చెప్పికొనుటకును వీలులేదు. 1964 సవరణముతో సామాన్యముగ ఆరుమాసములకు తక్కువకాని కారాగారమును, వేయి రూపాయలకు తక్కువకాని జరిమానాయు నిర్ణయింపబడెను. ఒక పాలవాని ఇంట ఆరుమాసముల చెర యనగా నేమి? గేదె నమ్ముట, వాడికలు పోవుట, కూతురి పెండ్లి ఆగుట.

చట్టము పాలవానికి ఒక రక్షణ నిచ్చినది. పట్టిన పాలను మూడు సీసాలలో పోసి, ఒకటి పరీక్షకునికి పంపి, ఒకటి పాలవానికే యిచ్చి, ఒకటి ఇన్‌స్పెక్టరు దాచవలెను. పరీక్షకుని మాట తప్పని తోచినచో పాలవాడు కేంద్ర పరీక్షాశాలకు తన సీసాను పంపించుకొనవచ్చును. పాలు విరుగకుండుటకై 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల ఫార్మలిన్ వేయుదురు. రక్షణ కాగితముమీద బాగుగనే యున్నది. కాని అభియోగము నెలలు గడచినపిదప వచ్చినచో ఆ సీసాలో పరీక్షింపదగిన దేమి మిగులును? 1967లో ఢిల్లీ నగరపాలక సంస్థ నడపిన పెరుగు వ్యాజ్యమొకదానియందు సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే విచారించెను. అభియోగము తెచ్చుటలోని జాప్యముచే నమూనా చెడి, ముద్దాయి తన హక్కును వినియోగించుకొనలేకపోయెను గనుక శిక్ష నిలువదని తీర్పు చెప్పెను. ఆ తీర్పువలన దేశమున నెందరో చిన్నవ్యాపారులు బయటపడిరి. 1976 సవరణము పాలవాని చేతి సీసాను తీసివేసి, మిగిలిన రెండింటిని స్థానిక ఆరోగ్యాధికారివద్ద నుంచెను. అదే సవరణమున, ప్రాథమికాహారము కేవలము ప్రకృతికారణములచే, మనుష్యప్రయత్నమునకు మించి, ప్రమాణమునకు తగ్గినచో కల్తీ యనరాదను మాటయు చేరెను. కౌటిల్యుని నేల, గడ్డి, నీరు ఇంతకాలమునకు చట్టమున కాలుపెట్టినవి.

ఆ మాట యెంతవరకు పనికివచ్చెనో చూచుటకు 2019 నాటి తీర్పొకటి చాలును. ఉత్తరప్రదేశమున 1995లో పట్టిన పాల నమూనాలో వెన్న నూటికి 4.6 పాళ్లుండెను, ఉండవలసినది 4.5. తక్కిన ఘనపదార్థము మాత్రము 8.5కు బదులు 7.7 ఉండెను. ఇరువదినాలుగు సంవత్సరముల తరువాత సుప్రీంకోర్టు, ప్రమాణమునకు కొంచెము తగ్గినను తగ్గినట్లే యనియు, పాలవలన ఎవరికైనను హాని కలిగెనని ఋజువుచేయ నక్కరలేదనియు చెప్పి శిక్షను స్థిరపరచెను. వెన్న నిండుగనుండి ఘనపదార్థము తగ్గుట చిక్కని పాలలో నీరు కలిసినదానికి గుర్తని పరీక్షకులందురు. కాబట్టి ఆ మనుష్యుడు నిర్దోషియని మేము వాదింపము. కాని ఇరువదినాలుగేండ్లు వాయిదాలు తిరిగిన పిదప చెరసాల కేగువాడు పాలుపోసిన ఆ మనుష్యుడేనా యని మాత్రము అడుగుచున్నాము.

దీనిప్రక్కన మరియొక చరిత్రము నుంచి చూడవలెను. బొంబాయి పాలపథకమున ఖురోడీగారు 1946 ప్రాంతమున టోన్డ్ పాలను ప్రవేశపెట్టిరి. గేదెపాలలో నీరు పోసి, వెన్నతీసిన పాలపొడి కలిపి, వెన్నను నూటికి 3 పాళ్లకు దింపి, ఘనపదార్థమును 8.5 వద్ద నిలిపి, తక్కువధరకు అమ్ముట. పేదల బిడ్డలకు పాలు దొరకినవి, అది పుణ్యకార్యమే. ఆ పాలు పాశ్చరైజు చేయబడినవి, ఆ పేరుతోనే అమ్మబడినవి, ఎవరును మోసపోలేదు. అయినను, కుండలో నేరమైన నీరు ప్రభుత్వ తొట్టిలో పథకమైనదని మన ముసలివారు హాస్యమాడుటలో తప్పులేదు. భేదమంతయు చెప్పి కలుపుటలోను, చెప్పక కలుపుటలోను ఉన్నది. ఆ భేదము చాల పెద్దదని మా యభిప్రాయము. మనవారిలో కొందరు చెప్పి కలిపి, ధర తగ్గించి అమ్మియుండినచో ఎంత బాగుండెడిది! అందుకు లైసెన్సు ఇచ్చువాడును లేకపోయెను.

ఆంధ్రదేశమున 1960లో యూనిసెఫ్ సహాయముతో సమగ్ర పాలపథకము ప్రారంభమయ్యెను. 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ యేర్పడెను. పల్లెలలో పాలకేంద్రములు వచ్చి, వెన్న లెక్కనుబట్టి ధర కట్టుట మొదలయ్యెను. ఇది మనవారికి చేసిన మేలు చిన్నది కాదు. వెన్ననుబట్టి ధర వచ్చినప్పుడు నీరు పోయువాడు తన ధరనే తగ్గించుకొనును. పట్టుటకు పోలీసు అక్కరలేదు. చెరసాల చేయలేనిది ధర చేసినది. మనవారు పట్టణపు వాడిక విడిచి కేంద్రమునకు పాలు పోయువారైరి. పాలవాడను పేరు పోయి రైతను పేరు వచ్చినది.

1954 చట్టము పోయి 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనిలో మేము మెచ్చునది యొకటి గలదు: ప్రమాణమునకు తగ్గిన పాలు వేరు, ప్రాణాపాయకరమైన పాలు వేరు. మొదటిదానికి ఐదులక్షల రూపాయలవరకు జరిమానా, రెండవదానికి చెరసాల. డబ్బు తగవును ప్రాణపు తగవును విడదీయుటకు మనకు అరువది సంవత్సరములు పట్టినదన్నమాట. ఐదులక్షలు రెండు గేదెలవానికి చెరకంటె చిన్నశిక్షయా యనునది వేరు ప్రశ్న.

2018లో ఆహారభద్రతా సంస్థ దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపించెను. అపాయకరమైన కల్తీ కనబడినవి పండ్రెండు మాత్రమే. హైడ్రోజన్ పెరాక్సైడు, సబ్బుపొడి, యూరియా వంటివి వానిలో నుండెను. ఆ పండ్రెండింట తొమ్మిది తెలంగాణమునుండి వచ్చినవి. ఇది విని మన సభవారు తలవంచుకొనుటయో, పాలుపోసినవారు మనవారు కారని వాదించుటయో కాక, అవి యెచ్చటివో విచారింపవలెను. అదే పరీక్షలో అంతకంటె పెద్ద అపాయము వేరొకటి బయటపడెను. పశువుల దాణాకు పట్టిన బూజునుండి పాలలోనికి వచ్చు అఫ్లాటాక్సిన్ అను విషము 368 నమూనాలలో పరిమితికి మించియుండెను. అదియు పచ్చిపాలలోకంటె పాలశాలల సంచిపాలలోనే హెచ్చు. కాచినను ఈ విషము పోదు. నూరేండ్లు కుండలో నీరు వెదకిన కన్నులు దాణాగోనెవైపు తిరుగలేదు.

ఇక ఆచరణకు సంబంధించిన రెండు మాటలు. 2011లో వచ్చిన నిబంధనలలో వార్షికవ్యాపారము 12 లక్షల రూపాయలు మించని చిన్నవ్యాపారికి పూర్తి లైసెన్సు అక్కరలేకుండెను. సంవత్సరమునకు 100 రూపాయల రుసుముతో పేరు నమోదు చేయించుకొనిన చాలునని వానిలో నుండెను. పాలన్నియు సహకారసంఘమునకే పోయు సభ్యునికి అదియు అక్కరలేదు. ఇంటింట పోయువానికి కావలెను. నమూనా పట్టినప్పుడు దానిని నాలుగు భాగములు చేయవలెను. పాలవాడు కోరినచో అందులో నొకటి గుర్తింపుపొందిన వేరొక పరీక్షాశాలకు పంపబడును. పరీక్షకుని నివేదికపై ముప్పదిదినములలోపల అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. వేరొక పరీక్షాశాలకు పంపించుకొను హక్కును నమూనా పట్టునప్పుడే అడుగవలెను. అడుగనివానికి రాదు. మన సంఘ శాఖలయందు ఈ నాలుగు వాక్యములను తెలుగున పెద్దయక్షరములతో వ్రాయించి గోడకు తగిలించుటకును, నమోదు కాగితములు పూరించిపెట్టుటకు ప్రతిశాఖయందును చదువుకొన్న యువకుని నొకని నియమించుటకును ఈ మహాసభ తీర్మానింపవలెనని దాతలను సభ్యులను కోరుచున్నాము.